ఆపరేషన్ థియేటర్లో క్రొత్తగా చేరిన నర్సుకు మనమివ్వవలసిన తోడు

(అధ్యక్షఖండ శతవార్షికోత్సవముల సందర్భమున ఆస్పత్రి చాపెలులో జరిగిన నర్సుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నర్సుల కూడికలో పాదిరి మాట్లాడుటకు నిలువబడగానే ఫ్లోరెన్సు నైటింగేలమ్మ దీపమును గూర్చి చెప్పునని మీరందరు ఎదురుచూచుట సహజము. నాకు ముందు మాట్లాడిన ముగ్గురు ఆ దీపమును చక్కగా వెలిగించియున్నారు. గనుక నేను ఆ జోలికి పోను. నాకిచ్చిన అరగంటలో ఒక్క మనిషిని గూర్చియే చెప్పదలచితిని. ఆమె ఇరువది రెండు, ఇరువది మూడు ఏండ్ల పిల్ల. నర్సింగు ముగించినది, రిజిస్ట్రేషను చేయించుకొన్నది, మొదటి ఉద్యోగములో చేరినది. చేరిన వారమునకే మేట్రనుగారు పిలిచి, “రేపటినుండి నీకు థియేటర్ డ్యూటీ” అని చెప్పిరి. ఆ పిల్ల మొదటి ఆరు నెలల సంగతి నేను చెప్పునది.

మా సంఘములోని ఒక అవ్వ, మనుమరాలికి థియేటర్లో డ్యూటీ పడినదని వినగానే, “మిషను ఆస్పత్రిలో చేర్చితే సినిమా హాలుకు పంపుటేమిటయ్యగారూ?” అని నా యొద్దకు పరుగున వచ్చినది. నవ్వకండి. లోపలేమి జరుగునో మనలో చాలమందికి ఆ అవ్వకు తెలిసినంతే తెలియును. ఎర్రగీత దాటి మనమెవరమును లోపలికి పోము. పోయినప్పుడు బల్లమీద పరుండి పోదుము, మత్తు డాక్టరుగారు ఇచ్చు సూదితో సంగతులన్నియు మరచిపోవుదుము. నాకు తెలిసినది కూడ విన్నదే. నా భార్య పదునెనిమిది సంవత్సరములుగా థియేటర్ నర్సు. ఆమె చెప్పగా విన్నది కొంత, ఆస్పత్రి చాప్లినుగా ఆపరేషనుకు ముందు రోగులతో ప్రార్థించుటకు ఆ తలుపు వరకు పోయి చూచినది కొంత, మా ఇంటి వరండాలో కూర్చుండి ఏడ్చిన పిల్లల యొద్ద నేర్చుకొన్నది మరికొంత.

మన తెలుగు సంఘములకు నర్సింగు పని క్రొత్త కాదు. డాక్టర్ అన్నా కుగ్లరమ్మగారు 1883లో గుంటూరు వచ్చిరి; ఆమె కట్టించిన ఆస్పత్రి 1898లో తెరువబడినది. అట్టి మిషను ఆస్పత్రులలో తెల్లచీర కట్టుకొని నిలిచిన తొలి తెలుగు నర్సులలో మన సంఘముల ఆడబిడ్డలే ఎక్కువ. ఇతరులు తమ పిల్లలను ఈ పనికి పంపుటకు సంకోచించిన దినములవి. 1905లో మెడికల్ మిషనరీ అసోసియేషను అను పేర పుట్టి, 1926లో క్రిస్టియన్ మెడికల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అయిన సంస్థ దక్షిణ దేశపు మిషను ఆస్పత్రుల నర్సింగు చదువులకు, పరీక్షలకు ఒక పద్ధతి నేర్పరచినది. నేడు మన పిల్లలు గల్ఫు దేశములలో, ఇంగ్లండులో, అమెరికాలో కూడ థియేటర్లలో నిలువబడుచున్నారు. ఈ నూరేండ్ల సంచికలో ఆ గొప్పలు వ్రాయుట న్యాయమే. అయితే గొప్ప చెప్పుకొను మనము, ఆ పిల్ల మొదటి నెలలో ఎవరి తోడుతో నిలువబడినదో అడిగితిమా?

వార్డులో పనిచేసిన నర్సునైనను థియేటరు తికమక పెట్టును. వార్డులో రోగి మాట్లాడును. “సిస్టరమ్మా, నొప్పి” అనును. థియేటర్లో రోగి నోరు మూతబడియుండును. అచ్చట నర్సులు రెండు విధములు. ఒకరు చేతులు కడుగుకొని, గౌను, గ్లవుజులు వేసికొని, డాక్టరుగారి ప్రక్కన ట్రాలీ యొద్ద నిలిచి పనిముట్లు అందింతురు. ఈమె స్క్రబ్ నర్సు. రెండవ ఆమె గదిలో తిరుగుచు కావలసినవి తెచ్చి విప్పి ఇచ్చును, లెక్క బోర్డుమీద వ్రాయును. క్రొత్త పిల్ల మొదట తడబడునది చేతులతోనే. కడిగిన చేతులు మోచేతులకంటె పైకి ఎత్తి పట్టుకొనవలెను, నీరు వ్రేళ్ళనుండి మోచేతి వైపుకు జారవలెను గాని తిరిగి వ్రేళ్ళమీదికి రాకూడదు. గౌను వేసికొనిన పిమ్మట రొమ్మునుండి నడుము వరకు ముందు భాగమే శుద్ధము. వీపు కాదు, నడుము క్రింద కాదు. ముక్కు దురద పెట్టిన ఓర్చుకొనవలెను. ఎవరైన పోవుచు గౌను శుద్ధమైన భాగమునకు తగిలినయెడల మరల మొదటినుండి అన్నియు మార్చుకొనవలెను. ఇది పుస్తకములో ఒక పుట. శరీరమునకు అలవాటగుటకు ఎన్నో వారములు పట్టును.

పిమ్మట పనిముట్లు. ఒక కడుపు ఆపరేషనుకు ట్రాలీమీద పదులకొలది పనిముట్లుండును. ఆర్టరీ ఫోర్సెప్సు, మాస్కిటో, కోకర్, ఆలిస్, బాబ్‌కాక్ — దూరమునుండి చూచిన అన్నియు కత్తెరలవలెనే యుండును. కోకరుకు కొనయందు పండ్లుండును, ఆర్టరీకి ఉండవు. ఆ ఒక్క తేడా తెలియక అందించిన చో పేగుకు గాయమగును. పైగా డాక్టరుగారు పేరు చెప్పరు, చేయి చాపెదరు! కేసు ఏ మెట్టునందున్నదో ఎరిగిన నర్సు మాత్రమే ఆ చేతిలో ఏది పెట్టవలెనో ఎరుగును. ఒక డాక్టరుగారు కుట్టుటకు ఒక దారమడిగినయెడల మరియొకరు వేరొకటి అడుగుదురు. అందుచేత అనుభవముగల సిస్టర్లు ఒక్కొక్క డాక్టరుగారికి ఒక కార్డు వ్రాసియుంచుకొందురు. నా భార్య యొద్ద అట్టి నోటు పుస్తకము ఒకటి కలదు, అట్టలు ఊడిపోయి దారముతో కట్టియున్నది. మా ఇంటిలో బైబిలు తరువాత భద్రముగా దాచబడునది అదియే.

కాలిఫోర్నియాలో నర్సింగు బోధించిన ప్యాట్రీషియా బెన్నర్ అను ఆమె 1984లో ఒక గ్రంథము ప్రచురించినది. నర్సు క్రొత్తవారి స్థితినుండి నిపుణురాలి స్థితికి అయిదు మెట్లలో ఎదుగునని ఆమె వివరించినది. మొదటి మెట్టుననున్నవారు నియమములను పట్టుకొని నడతురు. అయిదవ మెట్టుననున్నవారు కంటితో చూచి గ్రహింతురు, ఎట్లు గ్రహించితిరని అడిగిన చెప్పలేకపోవచ్చును. ఆమె మాటలలో నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి: ఒక విభాగములో నిపుణురాలైన నర్సుకూడ తనకు అనుభవములేని మరియొక విభాగమునకు మారినయెడల అచ్చట మరల మొదటి మెట్టుననే యుండవచ్చును. ఆరేండ్లు ప్రసూతి వార్డు చూచిన సిస్టరును థియేటరుకు మార్చి, “ఆరేండ్ల సర్వీసున్నది, ఇదికూడ తెలియదా?” అనుట ఎంత అన్యాయమో ఇందువలన తెలియును. నిపుణురాలైనవారికి బోధించుట ఎందుకు కష్టమగునో కూడ తెలియును. ఆమె చేయి తానుగా కదలును. కారణము చెప్పుటకు ఆగవలెను, ఆగుటకు ఓపిక కావలెను, కేసుల మధ్య ఆ ఓపికకు సమయము కావలెను.

ఇక తిట్ల సంగతి. డాక్టర్లు ఇచ్చటనే యున్నారు, గౌరవముతోనే చెప్పుచున్నాను. ఒక పట్టణపు ఆస్పత్రిలో చేరిన మా సంఘపు అమ్మాయి మూడవ వారములోనే పెట్టె సర్దుకొని వచ్చివేసినది. “అయ్యగారండీ, నేనింక ఆ గదిలోకి పోనండి. తప్పు పనిముట్టు ఇస్తే విసిరికొట్టారండి. అందరూ చూస్తూ ఊరుకున్నారండి” అన్నది. తల్లి ప్రక్కనే కూర్చుండి, “ఓర్చుకోవే, ఉద్యోగమంటే అంతేనే” అనుచున్నది. ఆ తల్లి కష్టము నేనెరుగుదును. చదువుకు చేసిన అప్పు తీరలేదు. కాని “ఓర్చుకో” అను మాట థియేటర్ విషయములో మంచి సలహా కాదని నా నిశ్చితాభిప్రాయము. అది ఆ పిల్లకు మాత్రమే కీడు కాదు, బల్లమీదనున్న రోగికి కీడు. ఎట్లో చెప్పెదను.

కడుపు విప్పిన ఆపరేషనులో రక్తము అద్దుటకు మాపులు, గాజు గుడ్డలు లోపల పెట్టుదురు. రక్తములో తడిసిన గుడ్డ పేగులలో కలిసిపోయి కంటికి కనబడదు. అందుకనియే లెక్క. కోయకముందు ఒకసారి, కడుపు పొర మూయకముందు ఒకసారి, చర్మము కుట్టకముందు ఒకసారి, మధ్యలో నర్సు మారిన అప్పుడును, ఇద్దరు నర్సులు కలిసి నోటితో పైకి చెప్పుచు లెక్కింతురు. గుడ్డలు, సూదులు, పనిముట్లు, అన్నియును. క్రిందపడిన గుడ్డకూడ లెక్కలోనిదే, దానిని ఊడ్చి పారవేయరాదు. లెక్కలో ఒకటి తగ్గినయెడల డాక్టరుగారితో వెంటనే చెప్పవలెను. గాయములో వెదకవలెను, నేల, బకెట్టు, దుప్పట్ల మడతలు వెదకవలెను. అప్పటికిని దొరకనియెడల ఎక్స్‌రే తీయవలెను. దానికొరకే ఆ గుడ్డలలో ఎక్స్‌రేలో కనబడు దారము నేసియుందురు. లోపల ఉండిపోయిన గుడ్డ నెలల తరువాత చీము పట్టి, గడ్డవలె తేలి, మరల కడుపు విప్పవలసిన స్థితి తెచ్చును. ప్రాణము తీసినవియు కలవు.

ఇప్పుడు ఆలోచించండి. రాత్రి రెండు గంటలు. అత్యవసర సిజేరియను. డాక్టరుగారు అలసియున్నారు, త్వరగా మూయవలెనను ఆత్రమున్నది. లెక్కలో ఒక మాపు తక్కువ. ఆ సంగతి ఎరిగినది గదిలో అందరికంటె చిన్నదైన ఆ పిల్ల ఒక్కతె. నిన్న తిట్లు తిన్నది, మొన్న పనిముట్టు విసిరించుకొన్నది. “ఓర్చుకో” అని నేర్చుకొని వచ్చిన పిల్ల ఆ క్షణమున నోరు తెరచునా? “నేనే తప్పు లెక్కించితినేమో” అనుకొని ఊరకుండును. ఆ ఊరకుండుటయే ప్రమాదము. గనుక క్రొత్త నర్సును మర్యాదగా చూచుట అను సంగతిని మంచితనపు పద్దులో వ్రాయకండి, రోగి రక్షణ పద్దులో వ్రాయండి.

ఇది పాదిరి ఊహ మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషనులకు 19 అంశములుగల ఒక పట్టికను వెలువరించినది. మత్తు ఇవ్వకముందు, కోయకముందు, రోగి గది విడువకముందు మూడుసార్లు ఆగి పైకి చదివి సరిచూచుకొనవలెను. న్యూఢిల్లీతో సహా ఎనిమిది దేశముల ఎనిమిది నగరములలోని ఆస్పత్రులలో దానిని అమలుపరచి చూచి, ఫలితములను 2009 జనవరిలో ప్రకటించిరి. మరణములు నూటికి 1.5నుండి 0.8కి, ఆపరేషను తరువాతి చిక్కులు నూటికి 11నుండి 7కు తగ్గినవి. ఆ పట్టికలో కోయకముందు చేయవలసిన మొదటి పని ఏమనుకొనుచున్నారు? గదిలోని ప్రతి ఒక్కరు తమ పేరు, తమ పని పైకి చెప్పుట. పెద్ద డాక్టరుగారు మొదలుకొని క్రొత్త నర్సు వరకు. చిన్న సంగతిగా కనబడును. కాని ఒకసారి తన పేరు పైకి పలికిన పిల్లకు, గంట తరువాత “సార్, ఒక మాపు తక్కువున్నది” అనుట సులభమగును. ఈ పట్టికను గోడకు అంటించి, చదువకుండనే గుర్తులు పెట్టు ఆస్పత్రులున్నవని విందుము. అది హాజరు పుస్తకములో సంతకము పెట్టి ఆరాధనకు రాకుండ వెళ్ళిపోవుటవంటిది.

ఇంకొక భయము సూది పోటు. రక్తమంటిన సూది గ్రుచ్చుకొనిన యెడల క్రొత్త పిల్ల చేయు మొదటి పని దాచుట. ఎందుకు? “చేతకాదా?” అందురని. నేనెరిగిన ఒక అమ్మాయి రెండు దినములు దాచి, భయముతో అన్నము మాని, మూడవ దినమున మా ఇంటికి వచ్చినది. మా ఇంటావిడ మాట్లాడలేదు, చెప్పులు వేసికొని పిల్లను వెంటబెట్టుకొని పోయినది. అమ్మా, మీరందరు జ్ఞాపకముంచుకొనండి: హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందులు ఎంత త్వరగా మొదలుపెట్టిన అంత మంచిది, మొదటి గంటలలోనే. 72 గంటలు దాటినయెడల ప్రయోజనముండదు. అవి 28 దినములు వాడవలెను. సబ్బుతో, నీళ్ళతో కడుగవలెను గాని పిండరాదు. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు, మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది, థియేటరులో అడుగుపెట్టకముందే మొదలు కావలెను. కత్తులు, సూదులు చేతినుండి చేతికి కాక ట్రేలో పెట్టి అందించుట మొదటి దినముననే నేర్పవలెను. సూది గ్రుచ్చుకొన్నదని చెప్పిన పిల్లను మెచ్చుకొను వార్డు సిస్టరు ఒకరుండిన చాలు, దాచుట తనంతట తానే తగ్గిపోవును.

నర్సు చేతులను కాపాడుట థియేటరు చరిత్రలోనే ఉన్నది. 1889 ప్రాంతమున అమెరికాలోని బాల్టిమోరులో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి థియేటర్లో కరోలిన్ హాంప్టన్ అను నర్సు పనిచేసెడిది. ఆ దినములలో చేతులు కడుగుటకు వాడిన పాదరసపు మందునీళ్ళకు ఆమె చేతుల చర్మము పుండ్లు పడినది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమెను వేరే వార్డుకు పంపివేయవచ్చును. పంపలేదు. గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీవారికి చెప్పి సన్నని గ్లవుజులు చేయించి ఇచ్చెను. ఇతరులు కూడ తొడుగుకొనసాగిరి. వాటివలన గాయములలో చీము తగ్గునని పిమ్మట తెలిసినది. ఒక నర్సు బాధను పట్టించుకొనుటతో మొదలైనది లోకములోని రోగులందరికి మేలైనది. 1890లో వారిద్దరు వివాహము చేసికొనిరి. ఈ కడపటి సంగతినే యౌవనస్థులు ఎక్కువ జ్ఞాపకముంచుకొందురని ఎరుగుదును, అయినను చెప్పితిని.

ఇంతకును నేర్పుట ఎట్లు? నా భార్య పని చేయుచోట ఒక పద్ధతి యున్నది. మొదట కొన్ని దినములు ఊరక చూచుట; ఏదియు ముట్టనక్కరలేదు. పిమ్మట పనిముట్లు కడుగుట, ప్యాకు చేయుట, ఆటోక్లేవు చూచుట. దీనిని ఆయాల పనియని చిన్నచూపు చూడరాదు. 121 డిగ్రీల వేడిమి, 15 పౌనుల ఒత్తిడి, గుడ్డల మూటలకు 30 నిమిషములు ఎందుకు కావలెనో, మూట బిగించి కట్టిన ఆవిరి లోపలికి ఎందుకు పోదో చేతులతో చేసినవారికే తెలియును. టేపుమీది గీతలు నల్లబడుట మూటకు వేడి తగిలినదని మాత్రమే చెప్పును, లోపలి గుడ్డ శుద్ధమైనదని చెప్పదు. తరువాత గదిలో తిరుగు నర్సుగా, తరువాత అనుభవముగల సిస్టరు ప్రక్కన రెండవ స్క్రబ్బుగా, తరువాత హెర్నియా వంటి చిన్న కేసులలో ఒంటరిగా, సిస్టరు గదిలోనే ఉండగా. రాత్రి అత్యవసర కేసులకు ఒంటరిగా పంపుట కడపట. చాలచోట్ల ఈ వరుస తలక్రిందులుగా నున్నది! మనుష్యులు చాలరు గనుక వారము దినములకే రాత్రి డ్యూటీ వేయుదురు. మనుష్యులు చాలనిమాట నిజమే. అట్లు వేయుటవలన ఉన్నవారును పారిపోవుచున్నారనుటయు నిజమే.

ఒక్కరినే తోడుగా నియమించుట ముఖ్యము. దినమునకొక సిస్టరు క్రింద వేసినయెడల, ఒకరు నేర్పినది మరియొకరు తప్పందురు. ఈ పిల్లకు ఫలాని సిస్టరు అని ఏర్పాటు చేసి, ఆ సిస్టరుకు కొంత కేసుల బరువు తగ్గించవలెను. ఇది మేనేజిమెంటువారి పని. నేర్పు సిస్టరుకు అదనపు భారమే గాని ఏ గుర్తింపును లేనియెడల ఎంతకాలము నేర్పును? చదువుకొనగోరువారికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిలువారి ఆపరేషన్ రూమ్ నర్సింగు పోస్ట్ బేసిక్ డిప్లొమా, ఒక సంవత్సరపుది, కలదు. మన ఆస్పత్రినుండి ఏటా ఒక్కరినైన జీతముతో పంపవలెనని బోర్డువారిని ఈ వేదికనుండియే అడుగుచున్నాను.

అపొస్తలుల కార్యములలో యోహాను మార్కు అను యౌవనుని మీరెరుగుదురు. పౌలు బర్నబాలతో కూడ బయలుదేరి, పంఫూలియ దగ్గర వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకో లేఖనము చెప్పదు. రెండవ యాత్రకు అతని తీసికొనిపోవుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా ఒప్పుకొనెను, అంత పెద్ద పౌలుతో ఎడబాటుకైనను సిద్ధపడి, ఆ పిల్లవానిని వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను. కాలము గడచిన పిమ్మట చెరసాలలోని పౌలు ఆ మార్కునే తన యొద్దకు తీసికొని రమ్మని, అతడు తనకు పనికివచ్చునని వ్రాసెను. బర్నబా కుప్రలో అతనికేమి నేర్పెనో వ్రాయబడలేదు గాని, వెంటబెట్టుకొని పోయెనని వ్రాయబడియున్నది. పెట్టె సర్దుకొని వచ్చిన మా సంఘపు పిల్లను నేను మందలించలేదు. నా భార్య పాత సహవాసురాలు ఒకామె మరియొక ఆస్పత్రిలో థియేటర్ ఇన్‌చార్జిగా నున్నది. ఆమె యొద్దకు పంపితిమి. నాలుగేండ్లయినది. ఇప్పుడామె ఇద్దరు క్రొత్తవారికి నేర్పుచున్నది.

సంఘస్థులకు కొద్ది మాటలు. థియేటర్లో పనిచేయు పిల్ల ఆదివారము గుడికి రానియెడల “విశ్వాసము తగ్గినది” అనకండి. ఆ రాత్రి ఎవరి బిడ్డ కడుపు కోసిరో మీకు తెలియదు. కాల్ డ్యూటీనుండి వచ్చి పగలు నిద్రించు కోడలిని అత్తగార్లు, దయచేసి లేపకండి. పెండ్లి చూపులలో “నెత్తురు చూచు పిల్ల, మనసు కఠినమై యుండును” అను మాట ఇంకను వినబడుచున్నది, అది అబద్ధము. ఊరినుండి వచ్చిన క్రొత్త నర్సులు ఆస్పత్రి దగ్గర అద్దెగదులలో ఒంటరిగా నుందురు. స్త్రీల సమాజమువారు నెలకొకసారి వారిని భోజనమునకు పిలిచి, వారిచేత పాటలు పాడింపకుండ, ప్రశ్నలడుగకుండ, తినిపించి పంపగలిగినయెడల అది గొప్ప పరిచర్య.

ఈ సాయంకాలము అయిదు గంటలకు, టీ పిమ్మట, ఇదే హాలులో పాత సిస్టర్లు నలుగురు క్రొత్తవారితో కూర్చుండుటకు ఒప్పుకొనియున్నారు. డాక్టర్లను, మేట్రనుగారిని, నన్ను లోపలికి రానీయరట. మంచిదే. పనిముట్ల పెట్టె ఒకటి తెచ్చి బల్లమీద పెట్టియున్నారు, దారముతో కట్టిన ఆ నోటు పుస్తకము కూడ మా ఆవిడ తెచ్చినది. దానిని చూచి వ్రాసికొనగోరు చెల్లెండ్రు కాగితము, కలము తెచ్చుకొనవలెను. పుస్తకమును మాత్రము ఇంటికి పట్టుకొనిపోనీయదు.